నమ్మువారును నమ్మనివారును

"నాస్తికుడు" అనునది యొక సిద్ధాంతము నవలంబించినవానికి పేరు. కాని మన యిండ్లలో అది తఱచుగా తిట్టు. పెద్దల మాట వినని పిల్లవానిని, తండ్రికి ఆబ్దికము పెట్టని కుమారుని, ఇచ్చిన మాట తప్పిన బంధువును ఒకే నోట నాస్తికుడనుట మన మెఱిగినదే. "కిరస్తానీ" అను మాట గతియు నంతే. ఒక మతము నవలంబించినవారని చెప్పుటకు గాక, కట్టుబొట్టు విడిచినవారనియు, బియ్యమునకును పాలపొడికిని ఆశపడి మతము మాఱినవారనియు అర్థము స్ఫురించునట్లు ఆ మాటను పలుకువారు కలరు. ఇతరులు పలికినప్పుడు ఈ రెండు మాటలును నొప్పించును. విచిత్ర మేమనగా, ఇట్లు నొప్పింపబడిన యీ రెండు తెగలవారును ఒకరి నొకరు నొప్పించుకొనుటలో వెనుదీయుట లేదు. దేవుని నమ్మనివానికి నీతి యుండదని క్రైస్తవుడును, దేవుని నమ్మువానికి బుద్ధి యుండదని నాస్తికుడును తలచుట నేడు పుట్టిన వాడుక కాదు.

ఈ మాసమున ఈ విషయమును గూర్చి మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. దేవుడున్నాడా లేడా యను ప్రశ్నకు ఈ నాలుగు పుటలలో సమాధానము చెప్పగల శక్తి మాకు లేదు. ఒకరి విశ్వాసమును గాని, అవిశ్వాసమును గాని రెండవవారెట్లు చూడవలెననుటయే మా ప్రశ్న. ఈ ప్రశ్న సభలలో కంటె సంసారములలో నెక్కువగా పుట్టును. భర్త చర్చికి పోవును, భార్య పోదు. తల్లి ప్రార్థన చేయును, కాలేజీనుండి వచ్చిన కుమార్తె నవ్వును. అప్పుడు ఇల్లు నిలబెట్టవలసినవారు స్త్రీలే గావున, ఈ విచారము మనకు పరాయిది కాదు.

ఒక తల్లి కథ

అనీబిసెంటమ్మ పేరెఱుగని చదువుకొన్న ఇల్లాలు మన నాట నరుదు. 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించినదియు, 1917లో జాతీయ కాంగ్రెసు నధ్యక్షస్థాన మలంకరించిన మొదటి స్త్రీయు ఆమెయే. దివ్యజ్ఞాన సమాజపు నాయకురాలుగా మన మామె నెఱుగుదుము. కాని అంతకు ముందు ఆమె క్రైస్తవ గురువు భార్య యనియు, పిమ్మట ప్రసిద్ధ నాస్తికురాలనియు అందఱకు తెలియదు.

1847లో లండనులో జన్మించిన ఆమెకు 1867లో ఫ్రాంక్ బిసెంట్ అను గురువుతో వివాహమైనది. ఇద్దఱు బిడ్డలు కలిగిరి. 1871లో పసిబిడ్డయైన మేబెలు కోరింతదగ్గుతో ప్రాణాపాయ స్థితికి వచ్చినది. రాత్రింబవళ్లు బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఆ తల్లికి, ఏ పాప మెఱుగని యీ శిశువునకు దయామయుడైన దేవుడింత బాధ యేల పెట్టవలెనను సందేహము కలిగెను. బిడ్డ బ్రదికెను గాని తల్లి విశ్వాసము మఱల కోలుకొనలేదు. ఆమె ఆక్సుఫర్డులోని పూసీయను పండితుని యొద్దకు పోయి తన సందేహములు చెప్పుకొనెను. ఆయన ఆమె ప్రశ్నలకు బదులు చెప్పక, అట్లు ప్రశ్నించుటయే పాపమని మందలించి పంపెను. 1873లో భర్త రెండే దారులు చూపెను: ప్రభు భోజన సంస్కారమున పాల్గొనుట, లేదా ఇల్లు విడుచుట. ఆమె ఇల్లు విడిచెను. ఒప్పందము ప్రకారము కుమారుడు తండ్రి యొద్దను, కుమార్తె తల్లి యొద్దను ఉండిరి.

1874లో ఆమె నాస్తికుల సంఘమున చేరెను. 1877లో చార్లెస్ బ్రాడ్లాతో కలసి, సంతాన నియమనమును గూర్చి ఒక అమెరికా వైద్యుడు వ్రాసిన చిన్న పుస్తకమును మఱల ప్రకటించి న్యాయస్థానమున నిలువవలసి వచ్చెను. మఱుసటి యేడు భర్త తన కుమార్తెను తన కిప్పింపుమని దావా వేసెను. తల్లి బిడ్డను ప్రేమతో సాకుచున్నదనుటను న్యాయస్థానము కాదనలేదు. ఐనను ఆమె నాస్తికురాలు. అట్టి పుస్తకమును ప్రకటించినది. ఆమెతో మర్యాదగల స్త్రీలు సహవాసము చేయరు. గావున బిడ్డకు ఆ యిల్లు తగదని తీర్పు వచ్చెను. ఎనిమిదేండ్లు నిండని మేబెలును తల్లి చేతులనుండి తీసికొనిపోయిరి. ఆ తీర్పు చెప్పిన సర్ జార్జి జెస్సెలు క్రైస్తవుడు కాడు, యూదుడు. ఇది గమనింపదగినది. దురభిప్రాయము ఒక మతమువారి సొత్తు కాదు. అది ఆ కాలపు సంఘమంతటను గాలివలె వ్యాపించి యుండెను. బిడ్డలు పెద్దవారైన పిమ్మట ఇద్దఱును తల్లిని వెదకికొని వచ్చిరి.

ఆ కథలోనే వేఱొక ఘట్టము కలదు. 1874లో అనీబిసెంటు తల్లి మరణశయ్యమీద నుండెను. కడసారి ప్రభు భోజనము తీసికొనవలెనని ఆ ముదుసలి కోరిక. కాని కుమార్తెయు తనతో కలసి తీసికొననిదే తాను తీసికొననని ఆమె పట్టుపట్టెను. కుమార్తె లేని స్వర్గము తనకు వలదనునంతటి ప్రేమ. కుమార్తె తన అవిశ్వాసమును దాచుటకు సమ్మతింపలేదు. ఉన్నదున్నట్లు చెప్పి గురువుల నడుగగా ఇద్దఱు నిరాకరించిరి. తుదకు వెస్ట్మినిస్టరు దేవాలయాధిపతి డీన్ స్టాన్లీ యొద్దకు పోయి వేడుకొనెను. ఆయన మాఱు పలుకక వారి యింటికి వచ్చి, ముదుసలితో అనునయముగా మాటలాడి, మఱునాడు తల్లీకూతుండ్రకు ఆ సంస్కారము జరిపెను. ఆ కుమార్తె నమ్మినది కాదని ఆయన కెఱుకయే. ప్రభు భోజనము ప్రేమకు గుర్తు గాని, మనుష్యులను వేఱుచేయు కంచె కాదని ఆయన తలంపు. పూసీ పండితుడు క్రైస్తవుడే, స్టాన్లీయు క్రైస్తవుడే. ఒకనిని చూచి క్రైస్తవులందఱు కఠినులనువాడు రెండవవానిని చూడలేదన్నమాట.

గడియారము కథ

చార్లెస్ బ్రాడ్లా (1833-1891) చిన్ననాట ఆదివారపు బడిలో పిల్లలకు బైబిలు చెప్పుచుండెడివాడు. సువార్తలకును, తమ సంఘపు విశ్వాస సూత్రములకును కొన్నియెడల పొసగుట లేదే యని ఆ బాలుడు గురువు నడిగెను. గురువు బదులు చెప్పక వానిని బడినుండి తప్పించి, వీడు నాస్తికుడగుచున్నాడని తండ్రికి వ్రాసెను. అప్పటి కా బాలుడు నాస్తికుడు కాడు. పేరు ముందు పెట్టిరి. మనిషి తరువాత ఆ పేరునకు తగినట్లయ్యెను. మన పిల్లలకు పేర్లు పెట్టుటకు ముందు తలచుకొనదగిన సంగతి యిది.

ఈ బ్రాడ్లాను గూర్చి ఇంగ్లండు దేశమంతట ఒక కథ ప్రచారములో నుండెను. ఆయన సభలో నిలుచుండి, చేతిలో గడియారము పట్టుకొని, "దేవుడున్నచో ఐదు నిమిషములలో నన్ను చంపునుగాక" అని సవాలు చేసెనట! ఇది అబద్ధమని ఆయన యెన్నిమాఱులో ప్రకటించెను. ప్రచురించినవారిపై న్యాయస్థానమునకు పోయెను. కథ మాత్రము చావలేదు. ఏలయనగా నాస్తికుడనగా అట్లే యుండవలెనని జనుల తలంపు. తలంపునకు తగిన కథ సాక్ష్య మక్కఱలేకయే బ్రదుకును.

1880లో నార్తాంప్టను ప్రజలు ఆయనను పార్లమెంటునకు ఎన్నుకొనిరి. దేవుని పేర ప్రమాణమునకు బదులు సత్యవచనము పలుకుటకు సెలవిండని ఆయన కోరెను, ఇయ్యలేదు. పోనీ, అందఱివలె ప్రమాణమే చేసెదననెను. నాస్తికుని ప్రమాణము చెల్లదని దానికిని ఒప్పుకొనలేదు. ఒక రాత్రి గడియారపు గోపురమున నిర్బంధించిరి. 1881లో సభాద్వారమునుండి బలవంతముగా నెట్టివేసిరి. ఖాళీ వచ్చినప్పుడెల్ల నార్తాంప్టను ప్రజలు ఆయననే మఱల ఎన్నుకొనిరి. 1886లో గాని ఆయనకు సభలో కూర్చుండుటకు వీలు కలుగలేదు. ప్రమాణమునకు బదులు సత్యవచనము పలుకుటకు ఎల్లరకు హక్కు నిచ్చు చట్టమును 1888లో ఆయనయే చేయించెను. 1889లో బొంబాయి కాంగ్రెసునకు వచ్చి భారతీయుల కష్టములను ఆలకించిపోయిన ఆప్తు డాయన. 1891 జనవరి 27న, ఆయన మృత్యుముఖమున నుండగా, పూర్వము తన్ను నిరాకరించిన తీర్మానమును పార్లమెంటు తన గ్రంథములనుండి కొట్టివేసెను. మూడు దినములకు ఆయన మరణించెను.

ఈ వ్యవహారములోని వింత చూడుడు. 1869లో చట్టము మాఱువఱకు ఇంగ్లండు న్యాయస్థానములలో దేవుని నమ్మనివాని సాక్ష్యము చెల్లెడిది కాదు. దైవభీతి లేనివాడు అబద్ధ మాడునని దానికి కారణము. కాని అబద్ధమాడ దలచినవాడు దేవుని నమ్ముదునని యొక మాట అనిన చాలును. వాని సాక్ష్యము చెల్లును. నేను నమ్మనని నిజము చెప్పినవాడే త్రోయబడెడివాడు. అబద్ధమునకు భయపడి చేసిన చట్టము నిజము చెప్పినవానినే శిక్షించెను.

ఎగతాళి చేసినవారి సంగతి

ఇంతవఱకు చెప్పినది చూచి నాస్తికులందఱు నిర్దోషులని మా తాత్పర్యము కాదు. జి. డబ్ల్యూ. ఫుట్ అను నాస్తిక పత్రికా సంపాదకుడు 1882లో బైబిలు కథలను పరిహసించుచు వికట చిత్రములు ముద్రించెను. అందుకై 1883లో ఆయనను ఒక సంవత్సరము చెఱసాలలో నుంచుట అన్యాయమే. కాని ఆ చిత్రములు చూచిన యే క్రైస్తవురాలు తన విశ్వాసమును గూర్చి నిదానముగా ఆలోచించి యుండును? తన తల్లి మోకరించిన చోటును ఎగతాళి చేసిరని కోపగించుటయే గాని, వాదము ఆమె చెవి కెక్కదు. నాస్తికులలోనే జార్జి హోలియోక్ అను పెద్దమనిషి, తాను దైవదూషణ నేరమునకై 1842లో ఆఱు మాసములు చెఱలో నుండినవాడు, ఆ కాలముననే తన చిన్నబిడ్డను పోగొట్టుకొన్నవాడు, క్రైస్తవులతో కలసి పనిచేయదగిన పనులలో కలసి పనిచేయవలెనని జీవితాంతము వాదించెను.

ఈ సందర్భమున గాంధీమహాత్ముడు తన యాత్మకథలో చెప్పిన సంగతి యొకటి మనకు పనికివచ్చును. ఆయన లండనులో చదువుచుండిన కాలమున బ్రాడ్లా అంత్యక్రియలకు పోయెను. అక్కడికి కొందఱు క్రైస్తవ గురువులును వచ్చి యుండిరి. తమ మతమును ఎదిర్చినవానికి కడపటి మర్యాద చేయుటకు వచ్చిన ఆ గురువులను మెచ్చుకొనవలదా? తిరుగు ప్రయాణమున రైలుకై వేచియుండగా, ఒక నాస్తికుడు ఆ గురువులలో నొకని పట్టుకొని, నీ దేవుడెంత పొడవు, ఎక్కడ నుండునని జనుల యెదుట ప్రశ్నలతో వేధించెను. మన యిద్దఱి హృదయములందును ఉండునని గురువు నెమ్మదిగా చెప్పగా, నన్ను పసివానిగా తలపకుమని వాడు గెలిచినవానివలె చూచెను. గురువు వినయముతో ఊరకుండెను. ఆ సంభాషణ విని నాస్తికత్వముపై తనకు గల వైముఖ్యము ఇంకను హెచ్చెనని గాంధీజీ వ్రాసిరి. ఆ నాస్తికుడు తాను గెలిచితి ననుకొనెను గాని, ప్రక్కన నిలుచుండిన యువకుని శాశ్వతముగా పోగొట్టుకొనెను. బ్రాడ్లావంటి సాహసవంతుని శవయాత్రనాడే ఆయన పక్షమునకు ఆయన యనుచరుడే నష్టము తెచ్చెను.

ఒక సంసారము

కలహములే గాక, కలసి యుండినవారి కథ యొకటి చెప్పెదము. జీవుల పుట్టుకను గూర్చి క్రొత్త సిద్ధాంతము చెప్పి క్రైస్తవ లోకమును కలచివేసిన చార్లెస్ డార్విను 1839లో ఎమ్మాను వివాహమాడెను. ఎమ్మా దృఢమైన దైవభక్తి గలది. వివాహమునకు ముందే ఆయన తన సందేహములను ఆమెకు దాచక చెప్పెను. పరలోకమున తాము వేఱగుదుమేమో యను భయము ఆమెను జీవితమంతయు బాధించెను. పెండ్లియైన క్రొత్తలో ఆమె ఒక జాబు వ్రాసి భర్త చేతి కిచ్చెను. అందు నిందలు లేవు, బెదిరింపులు లేవు, తన దిగులు మాత్రము చెప్పుకొనెను. డార్విను ఆ జాబును పాఱవేయలేదు. కడవఱకు భద్రపఱచి, తాను దానిని ముద్దిడి కన్నీరు కార్చిన వేళలు పెక్కులని దాని యడుగున వ్రాసికొనెను.

1851లో వారి పదియేండ్ల కుమార్తె ఆనీ మరణించినది. డార్వినునకు మిగిలిన విశ్వాసమును ఆ దుఃఖము హరించెనని చరిత్రకారులలో పలువురు తలంతురు. ఎమ్మాకు అదే దుఃఖములో దేవుడే దిక్కు. ఒకే బిడ్డ చావు ఇద్దఱిని రెండు దారుల నడిపెను. ఐనను వారు ఒకరిచేయి ఒకరు విడువలేదు. ఆదివారము ఎమ్మా పిల్లలతో చర్చికి పోవును. డార్విను వెంట నడచి, వారు లోపల నున్నంతసేపు ఊరిలో షికారు చేయును. ఆ యూరి గురువు బ్రాడీ ఇన్నెసు ఆయనకు ఆజన్మ మిత్రుడు. మతమున వారి కేకీభావము లేదు; ఊరి పేదలకు బొగ్గు, బట్టలు సమకూర్చు సంఘమునకు మాత్రము డార్వినే లెక్కలు వ్రాసెడివాడు. దక్షిణ అమెరికా కడపటి భూములలో మిషనరీలు చేసిన మేలు విని, తాను పూర్వము అసాధ్యమనుకొన్నది సాధ్యమయ్యెనని యొప్పుకొని, వారికి చందా పంపెను. 1882లో ఆయన మరణింపగా వెస్ట్మినిస్టరు దేవాలయముననే సమాధి చేసిరి.

ఈ సంసారములో నింకొక సూక్ష్మ మున్నది. నమ్మనివారికి నిత్యనరకము ప్రాప్తించునను బోధను డార్విను తన స్వీయచరిత్రలో తీవ్రముగా ఖండించెను. తన తండ్రియు, అన్నయు, మిత్రులును అట్టి శిక్షకు పాత్రులనుట ఆయన సహింపలేదు. భర్త పోయిన పిమ్మట ఎమ్మా ఆ భాగము ప్రకటింప వలదని కోరెను. ఆమె చెప్పిన కారణములలో నొకటి, ఆ కాలమున అట్టి బోధను క్రైస్తవ మనువారే మిక్కిలి తక్కువయని. కావున 1887లో కుమారుడు ప్రకటించిన గ్రంథమున ఆ భాగములు లేవు; 1958లో మనుమరాలు నోరా బార్లో వానిని చేర్చి ప్రకటించెను. నలువది మూడేండ్లు కాపురము చేసిన భర్తయే భార్య విశ్వాసము నిట్టిదని సరిగా ఎఱుగక పోవచ్చునన్నచో, వీథిలో కనబడినవారి విశ్వాసమును గూర్చి తీర్పు చెప్పుటకు మనకెంత యధికారము?

మన నేలమీద

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. ఆకలి తీరుటకై మతము మాఱినవారనుట మన క్రైస్తవ సోదరీసోదరులపై నూఱేండ్లకు పైబడి వేయబడుచున్న నింద. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కాటకము వచ్చెను. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవేలమందికి పని కల్పించెను. ఆ సహాయము జరుగుచున్నంతకాలము ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. కూటికై వచ్చినవారని ఎవ్వరు ననకుండుటకే ఈ జాగ్రత్త. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. వారిలో పలువురు మాదిగలు. ఊరిబావి, ఊరిగుడి, ఊరిబడి మూయబడినవారికి తమ్ము మనుష్యులుగా చూచు చోటొకటి దొరికినది. అది కూటి యాశయా, మర్యాదకై ఆకలియా? తలుపులు మూసిన మనము ఆ నింద వేయుట న్యాయమా? 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకును శిశువులకును వైద్యము చేయుచు 1930లో కన్నుమూసిన డాక్టరు అన్నా కుగ్లరు చేతులమీద పురుడు పోసికొన్న హిందూ ముసల్మాను గృహిణు లెందఱో! ఆ సేవకు మూలము ఆమె విశ్వాసమే.

రెండవ ప్రక్క చూతము. దేవుని నమ్మనివానికి నీతి యుండదనువారు గోరాగారి కుటుంబమును చూడవలెను. గోపరాజు రామచంద్రరావుగారు (1902-1975) బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, అధ్యాపక వృత్తిలో నుండి, నాస్తికత్వము కారణముగా ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిరి. ఆయన ధర్మపత్ని సరస్వతిగారు (1912-2006) పదియేండ్ల ప్రాయమున పెండ్లియైన ఆడపిల్ల. గ్రహణమునాడు గర్భవతులు బయటికి రారాదను భయమును పోగొట్టుటకు ఆమె పాటుపడెను. స్వాతంత్ర్యపోరాటమున చెఱసాలకు పోయెను. అంటరానితనమును తన వంటయింటినుండియే వెడలగొట్టెను. 1948లో వారి పెద్దకుమార్తెకు హరిజన యువకునితో సేవాగ్రామమున వివాహమైనది. నిష్ఠాపరుడైన గాంధీజీయే ఈ నాస్తికుని చేరదీసి, గంటలకొలది ముచ్చటించెను. రైలు స్టేషనులో కలిగిన వైముఖ్యమును ఒక నాస్తికుని నడత తగ్గించెనని మేము తలంతుము. వాదము మాత్రము ఆ పని చేసి యుండదు.

ఈ రెండు ధారలును ఒక యింట కలసినవి. గుఱ్ఱం జాషువ కవిగారు 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. పురాణములు చదివి పద్యములు చెప్పుచున్నాడని క్రైస్తవ పెద్దలు కినిసిరి; పద్యము విని మెచ్చి, కులము విని ముఖము త్రిప్పుకొన్నవారు హిందువులు. ఇరుప్రక్కల అవమాన మెఱిగిన ఆ కవియే క్రీస్తు చరిత్రమును రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందెను. ఆయన కుమార్తె హేమలతగారు (1932-2008) 1960లో గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడిరి. క్రీస్తు కథను పద్యములలో పాడినవాని బిడ్డ నాస్తికుని యింటి కోడలయ్యెను.

ఆ దంపతులు 1970 దశకమున బాపట్ల సమీపమునందలి స్టూవర్టుపురమున పనికి పూనుకొనిరి. ఆ యూరి కథయే పేరు పెట్టుటవలన కలుగు కీడునకు నిదర్శనము. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలని నిర్ణయించెను. 1911లో ఆ చట్టము మదరాసు రాష్ట్రమునకును వచ్చెను. ఎరుకల కుటుంబములను ఒకచోట చేర్చి యుంచిన వసతులలో స్టూవర్టుపురము ఒకటి. దానిని నడుపు భారము సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంఘమువారు వహించిరి. హాజరు పట్టీలు, కదలికలపై ఆంక్షలు గల వసతి యది; ఐనను బడియు, పనియు అక్కడికి తెచ్చినవారు వారే. 1952లో చట్టము రద్దయినను "దొంగల యూరు" అను పేరు రద్దు కాలేదు. క్రైస్తవులు పనిచేసిన ఆ యూరికే నాస్తికులైన హేమలతా లవణంగార్లు పోయి, నేరము విడిచినవారికి సంఘమున స్థానము కల్పించుటకు పాటుపడిరి. పిమ్మట నిజామాబాదు ప్రాంతమున జోగిని యాచారమునకు బలియగుచున్న ఆడపిల్లల కొఱకు హేమలతగారు పోరాడిరి. ఆకలిగొన్న తల్లికి అన్నము పెట్టిన చేయి ప్రార్థించిన చేయియా, ప్రార్థింపని చేయియా యని ఆ తల్లి యడుగునా?

మన మేమి చేయవలెను?

మనకు తెలిసిన నాస్తికు డొక్కడే యై, అతడు దురుసువాడైనచో, నాస్తికులందఱు దురుసువారని తలంతుము. మన కెదురైన క్రైస్తవురాలొకతె మన బొట్టును చూచి మొగము చిట్లించినచో, క్రైస్తవులందఱు అట్టివారే యందుము. కాని మన మతమువాడు తప్పు చేసినప్పుడు, "వాడొక్కడు చెడ్డవా"డని సరిపెట్టుకొందుము. మనవారికి చూపు ఈ చిన్న న్యాయమును పరులకు గూడ చూపినచో సగము వైరము తీఱును.

ఇంట చేయదగిన పనులు కొన్ని మాకు తోచినవి. మొదటిది, నాస్తికుడు, కిరస్తానీ యను మాటలను తిట్లుగా వాడుట మానవలెను; పిల్లలు మన నోటినుండియే వీనిని నేర్తురు. రెండవది, ఒకరు నమ్మునదేదో వారినే యడిగి తెలిసికొనవలెను. వారి విరోధులు చెప్పిన కథను బట్టి కాదు. మూడవది, కష్టకాలమున వాదము తగదు. బిడ్డను పోగొట్టుకొన్న నాస్తికురాలితో "ఇకనైన దేవుని నమ్ము"మనుటయు, క్రైస్తవురాలితో "నీ ప్రార్థన లేమైన"వనుటయు ఒకే క్రూరత్వము. నాలుగవది, సంతానములో నొకరు మన విశ్వాసమును విడిచినచో, వారికి ఇంటి తలుపు మూయరాదు. అట్లు మూసిన తలుపు వెలుపల నిలుచున్నవారికి దేవుడును కనబడడు, తల్లియు కనబడదు.

ఇందుకై ఎవ్వరును తమ విశ్వాసమును చల్లార్చుకొన నక్కఱలేదు. తమ సందేహమును మ్రింగుకొన నక్కఱలేదు. ఎమ్మా నమ్మకము మానలేదు, ఆమె భర్త నమ్ముట మొదలిడలేదు. తప్పని తోచిన సిద్ధాంతమును తప్పని చెప్పుటకు అందఱకు హక్కు కలదు. సిద్ధాంతమును ఖండించుట వేఱు, మనిషిని చులకన చేయుట వేఱు. మొదటిదానివలన బుద్ధి పదునెక్కును. రెండవదానివలన ఒక తల్లి తన బిడ్డనే పోగొట్టుకొనెను. ఈ భేదమును మన పిల్లలకు అన్నము కలిపి పెట్టునప్పుడే నేర్పవచ్చును. దానికి మత గ్రంథము గాని, తర్కశాస్త్రము గాని అక్కఱలేదు. భోజనమునకు వచ్చిన అతిథి ప్రార్థన చేసికొనినను, చేసికొనకున్నను, ఒకే ప్రీతితో విస్తరి వేసిన చాలును.